పెద్దబాతుల కుటుంబం: విడదీయకుండా పెంచితేనే చేనుకు కాపలా, కలుపుకు కూలి



మందమర్రి దగ్గర మా చేన్ల పెద్దబాతుల వీడియో చూసినంక చాలామంది అడిగేది ఒకటే. "ఒక జత దొరుకుతదా? కాపలాకు పెట్టుకుంటం." ఇంకొందరు, "ఒక్క మగది చాలు, కుక్క లెక్క ఒర్రుతది గదా" అంటున్నరు. వీడియోలో వాటి నడక, అరుపు కనిపిస్తయి. అవి అట్ల ఎందుకు ఉంటయో మాత్రం వీడియోలో చెప్పలేకపోయిన. అందుకే ఇది రాస్తున్న.

ముందే ఒక మాట. పెద్దబాతు మన చేను కోసం అరవదు, తన కుటుంబం కోసం అరుస్తది. ఆ కుటుంబం మన చేన్ల ఉంటది కాబట్టి మనకు కాపలా దొరుకుతది. కుటుంబాన్ని విడదీస్తే కాపలా పోతది, గుడ్లు పోతయి, మిగిలిన పక్షి మనుషుల మీదికి ఎగబడుతది. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ మాటకు వివరణే.

బాతు వేరు, పెద్దబాతు వేరు

మా దిక్కు రెండింటినీ "బాతులు" అనే అంటరు. తెల్లగా ఉంటే "హంసలు" అంటరు. కానీ రెండింటికీ తిండిలోనే పెద్ద తేడా. మామూలు బాతు బురదలో పురుగులు, నత్తలు ఏరుకుంటది. పెద్దబాతు ఆవు లెక్క గడ్డి మేస్తది. దాని ముక్కు అంచుల్లో రంపం పళ్ల వంటి గరుకు ఉంటది, దాంతో గరికను కోసినట్టు కొరుకుతది. అందుకే దాణా ఖర్చు తక్కువ, చేన్ల పని ఎక్కువ.

ప్రపంచంలో మనుషులు పెంచే పెద్దబాతులు రెండు అడవి జాతుల నుంచి వచ్చినయి. ఒకటి యూరప్, ఆసియాల్లో తిరిగే బూడిదరంగు పెద్దబాతు. రెండోది చైనా, మంగోలియా వైపు ఉండే మెడ పొడుగు పెద్దబాతు. మన ఊళ్లల్ల ముక్కు మొదట్ల బుడిపె ఉండే రకం ఎక్కువగా కనిపిస్తది, అది ఈ రెండో వంశం. ఆ బుడిపె మగదానికి పెద్దగా ఉంటది. గొంతును బట్టి కూడా గుర్తు పట్టొచ్చు, మగదాని గొంతు సన్నం, పెట్ట గొంతు బొంగురు. మన దేశంలో పెద్దబాతుల్లో జాతిగా నమోదైన మొదటి రకం కాశ్మీర్ ఆంజ్. తెలంగాణలో మనం పెంచేవి ఏ జాతికీ చెందని కలగలుపు పక్షులే. పని చేయడానికి అదేమీ అడ్డం కాదు.

జత ఎట్ల కుదురుతది

అడవి పెద్దబాతులు జత కట్టినయంటే చాలావరకు బతికినంత కాలం అదే జత. పెంపుడు వాటిల్లో ఒక మగదానితో రెండు నుంచి నాలుగు పెట్టలు కలిసి ఉంటయి. అందులో కూడా మగదానికి ఒక పెట్ట మీద ఎక్కువ మక్కువ ఉంటది. మేతకు పోయినా, నీళ్లకు పోయినా దాని పక్కనే నడుస్తది.

ఇది మనం బలవంతంగా చేయించే పని కాదు. కొత్త మగదాన్ని తెచ్చి దొడ్లో వదిలితే తెల్లారేసరికి జత కాదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతది. అందుకే గుడ్లు పెట్టే కాలం రాకముందే, వానాకాలంలోనే మందను స్థిరం చేసుకోవాలి. ఇక్కడే మన దగ్గర ఒక చిక్కు ఉంది. దసరాకు మాంసం కోసం మందలో పెద్దదాన్ని, అంటే మగదాన్ని కోస్తరు. ఆ తర్వాత వచ్చే చలికాలమే గుడ్ల కాలం. మగది లేక గుడ్లు మురిగిపోతయి, పెట్టలు బెదిరి గూడు వదిలి తిరుగుతయి. "ఈసారి పొదగలే, రకం మంచిది కాదు" అని రైతు అనుకుంటడు. తప్పు రకానిది కాదు.

పెద్దబాతు ఆయుష్షు కూడా గుర్తుపెట్టుకోవాలి. మంచిగ చూసుకుంటే ఇరవై ఏండ్లు బతుకుతది. మొదటి ఏడాది పెట్టే గుడ్లు చిన్నగా ఉంటయి, పిల్లలయ్యేవి తక్కువ. రెండో ఏడాది నుంచి అసలు ఫలితం. కోడి లెక్కన చూసి ఏడాదికే అమ్మేసేవాళ్లకు దాని విలువ కనపడదు.

పొదుగు: పెట్ట కూర్చుంటది, మగది నిలబడుతది

మా మందలో పెట్టలు చలికాలంలో గుడ్లకు వస్తయి. రోజు విడిచి రోజు ఒక గుడ్డు. గుడ్డు కోడిగుడ్డుకు రెండింతల కంటే పెద్దది. పెట్ట తన గూడు తనే ఎంచుకుంటది. గోడ మూలో, కందికట్టె చాటో, ఎండుగడ్డి వాము పక్కనో. మనం చేయాల్సింది ఆ మూలను కదిలించకుండా కొంచెం గడ్డి వేయడం.

గుడ్లు సరిపోయినయి అనుకున్నప్పుడు పెట్ట తన రొమ్ము కింది మెత్తటి నూగు పీకి గూట్లో పరుస్తది. పొదుగు 28 నుంచి 32 రోజులు. పెట్ట రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే లేస్తది. లేచేముందు ఆ నూగును, గడ్డిని గుడ్ల మీద కప్పి పోతది. వేడి పోకుండా ఒకటి, కాకి కంట పడకుండా ఒకటి.

మగది గుడ్ల మీద కూర్చోదు. గూటికి నాలుగడుగుల దూరంలో నిలబడుతది. ఈ నెల రోజులు అది మేత కూడా తగ్గించుకుంటది. రోజూ దాణా వేసే మనిషిని కూడా దగ్గరికి రానివ్వదు. మా అవ్వ అయితే ఈ కాలంలో దాణా గిన్నె దూరం నుంచే పెట్టి, "నీ బాలింత మందిరం నువ్వే చూసుకో బిడ్డా" అని మళ్లుతది. అది సరైన పద్ధతి. ఈ నెల రోజులు గుడ్లు లెక్కబెట్టుడు, పిల్లలకు చూపించుడు, ఫోన్‌తోని ఫొటోలు తీసుడు బంద్.

పెట్ట పొదగకపోతే కోడి కింద పెట్టొచ్చు. కోడి కింద నాలుగైదు గుడ్లకు మించి పట్టవు. ఆ బరువు గుడ్లను కోడి తిప్పలేదు, రోజుకు రెండు మూడుసార్లు మనమే చేత్తో తిప్పాలి. కోడికి 21 రోజులే అలవాటు కాబట్టి, నెల వరకు లేవకుండా కూర్చునే కోడినే చూసుకోవాలి.

పిల్లలు మొదట చూసినదే తల్లి

గుడ్డు పగిలే ముందే లోపలి పిల్ల సన్నగా కూస్తది, తల్లి కింది గొంతుతో జవాబు ఇస్తది. అంటే పిల్ల బయటికి రాకముందే తల్లి గొంతు వినుడు మొదలైతది. పుట్టిన తెల్లారే లేచి నడుస్తది, గడ్డి కొరుకుతది. వీడియోలో చూసిన వరుస గుర్తుందా? ముందు తల్లి, నడుమ పిల్లలు, వెనుక తండ్రి. ఆ వరుస మనం నేర్పింది కాదు, పెద్దబాతుల కుటుంబం నడిచే తీరే అది.

ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ ఈ పక్షులతోనే తన జీవితంలో పెద్ద భాగం గడిపిండు. గుడ్లను యంత్రంలో పొదిగించి, పుట్టగానే పిల్లలకు ముందుగా తానే కనిపిస్తే, అవి ఆయన్నే తల్లి అనుకొని వెంట నడిచినయి. పుట్టిన కొన్ని గంటల్లోనే పడే ఈ ముద్ర తర్వాత తేలిగ్గా పోదు. జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్ని రైతు భాషలో చెప్పుకుందాం. ఒక్క పిల్లనే తెచ్చి, ఇంట్లో చేతిలో పెట్టుకొని పెంచితే అది మనిషినే తన జాతి అనుకుంటది. చిన్నగున్నప్పుడు ముచ్చటగా వెంట తిరుగుతది. పెద్దదై, ముఖ్యంగా మగదైతే, గుడ్ల కాలంలో మనిషిని పోటీ మగదాని లెక్క చూసి కొడుతది. మనిషంటే భయం లేదు కాబట్టి వెనక్కి తగ్గదు. తల్లిదండ్రుల వెంట పెరిగిన పక్షికి మనిషి అంటే అలవాటూ ఉంటది, దూరమూ ఉంటది. మనకు కావాల్సింది అదే.

గెలిచినంక చేసే పండుగ

కుక్క వచ్చింది అనుకోండి. మగది మెడ నేలకు చాపి, బుస కొడుతూ ఉరుకుతది. కుక్క వెనక్కి తిరగంగనే అది మళ్లీ తన పెట్ట దగ్గరికి పరుగున వచ్చి, మెడ చాపి గట్టిగా కూస్తది. పెట్ట అందుకుంటది, పిల్లలు కూడా చిన్న మెడలు చాపి కలుస్తయి. దీన్నే లోరెంజ్ విజయోత్సవం అన్నడు. కుటుంబాన్ని ఒక్కటిగా పట్టి ఉంచేది ఈ కూతే. దొడ్లో ఎవరు ఎవరి కుటుంబమో తెలవాలంటే, కుక్క పోయినంక ఎవరు ఎవరితో కలిసి కూస్తున్నరో చూస్తే చాలు.

అడవి పెద్దబాతుల్లో పిల్లలు మొదటి చలికాలమంతా తల్లిదండ్రులతోనే ఉంటయి. తలమీద రెండు నల్ల చారలుండే అడవి పెద్దబాతులు టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలు చేసి, హిమాలయాలు దాటి చలికాలానికి మన దక్కను చెరువులకు వస్తయి. కర్ణాటకలో గదగ్ దగ్గర మాగడి చెరువు వాటికి పేరుపొందిన చోటు. పిల్లలు ఆ దారిని పెద్దవాటి వెంట ఎగిరే నేర్చుకుంటయి. మన పాత కథల్లో హంస అన్నది ఈ పక్షే అని చాలామంది పండితుల మాట. మహాహంస జాతకంలో రాజహంస ఉరిలో చిక్కితే మంద అంతా ఎగిరిపోయినా సుముఖుడు అనే హంస ఒక్కటే వదలకుండా నిలబడుతది. ఈ పక్షులను రోజూ చూసేవాళ్లకు ఆ కథ అతిశయం అనిపించదు.

తోడు పోయిన పక్షి కొన్నాళ్లు మేత సరిగ్గా ముట్టదు, మంద అంచున నిలబడి పిలుస్తుంటది. కొన్ని తర్వాత కొత్త జత కడతయి, కొన్ని కట్టవు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు ఇది యాదికి పెట్టుకోండి.

మనుషులతో ఎట్ల బతుకుతయి

పెద్దబాతు రోజూ వినే చప్పుడును పట్టించుకోదు, కొత్తదాన్ని వదలదు. మా దగ్గర ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ మోతకు నేల అదిరినా తల ఎత్తవు. తెలియని బైకు బాట మీద ఆగితే మాత్రం ఊరంతా లేపుతయి. మా పక్క చేను కాక రోజూ వచ్చేవాడే. ఒకనాడు వానకు ప్లాస్టిక్ కొప్పెర కప్పుకొని వస్తే గేటు దాటనివ్వలేదు. "ఏం రా, నిన్నటిదాకా నేను చుట్టాన్నే గదా" అని గేటు బయటే నవ్వుకుంట నిలబడ్డడు. వేషం మారితే వాటికి మనిషి మారినట్టే.

రోమ్ నగరంలో దాదాపు 2400 ఏండ్ల కింద శత్రువులు రాత్రిపూట కొండ ఎక్కుతుంటే కుక్కలు మొరగలేదని, గుడి పెద్దబాతులు అరిచి కాపాడినయని చెప్పుకుంటరు. కానీ ఒక్క సంగతి. పెద్దబాతు అరిచి చెప్తది, దొంగను పట్టదు. అరుపు విని లేచే మనిషి ఉండాలి. అట్లనే "పెద్దబాతు రెట్ట వాసనకు పాములు రావు" అనే మాట కూడా నమ్మి చెప్పుల్లేకుండా తిరగొద్దు. పామును చూస్తే అవి గోల చేస్తయి, అంతే.

మీదికి వస్తే ఉరకొద్దు, తన్నొద్దు. చేతులు వెడల్పుగా చాపి నిలబడి, ముఖం దానివైపే ఉంచి, నెమ్మదిగా పక్కకు జరగాలి. వీపు చూపిస్తే గెలిచిన అనుకుంటది. రెక్క ఎముక దెబ్బ చిన్నపిల్లలకు గట్టిగానే తగులుతది కాబట్టి గుడ్ల కాలంలో పిల్లలను ఒంటరిగా పంపొద్దు. పట్టుకునేటప్పుడు కోడి లెక్క కాళ్లు పట్టి వేలాడదీయొద్దు, కాళ్లు దెబ్బతింటయి. రెక్కలు కలిపి ఒంటిని చంకలోకి తీసుకోవాలి.

ఇంకో మాట మా సింగరేణి ఊళ్లకే. నైట్ డ్యూటీ దిగి పొద్దున పండుకునే కార్మికుల ఇండ్ల నడుమ, క్వార్టర్ల వరుసల్లో వీటిని పెంచొద్దు. అవి అరిచేది వాటి ధర్మం, కానీ రాత్రంతా గనిలో పనిచేసి వచ్చినవాడికి నిద్ర కావాలి. చేన్లనో, ఊరి చివరనో అయితేనే రెండు దిక్కులా బాగుంటది.

పత్తి చేన్ల కలుపు

మన మంచిర్యాల జిల్లాలో పత్తి రైతును కుంగదీసేది కలుపు. కూలీలు దొరకరు, వాన పడితే గుంటుక తోలరాదు. ఈ ఇబ్బందిని చూపించే అనుమతి లేని గడ్డిమందు పత్తి విత్తనం దొంగచాటున అమ్ముతున్నరు. గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చినా, చేన్లల్ల కొట్టుడు ఆగలేదు.

అమెరికా పత్తి రైతులు గడ్డిమందులు రాకముందు, 1950ల ప్రాంతంలో, పెద్దబాతుల మందలను చేన్లల్ల తోలి కలుపు మేపేవాళ్లు. ఎకరాకు రెండు నుంచి నాలుగు పక్షుల లెక్క. దీని కిటుకు సులభం. పెద్దబాతుకు గరిక, తుంగ, ఊద లాంటి గడ్డి జాతులు ఇష్టం. పత్తి ఆకు నచ్చదు. మా పద్ధతి ఇది:

- పత్తి మొక్క జానెడు దాటినంకనే తోలుతం. అంతకంటే చిన్నగుంటే తొక్కుతయి. విత్తనానికి పూసిన మందు విషం, కాబట్టి విత్తే రోజుల్లో చేను దరికి రానివ్వం.
- నీళ్ల గోలెం ఒక చివర, నీడ ఇంకో చివర పెడతం. రెంటి నడుమ నడుస్తూ చేనంతా మేస్తయి.
- పొద్దున దాణా వేయం. పొద్దుగూకినంక ఇల్లు చేరితే గుప్పెడు నూకలో, మక్కలో వేస్తం. కడుపు నిండిన పక్షి కలుపు ముట్టదు.
- పాత వలతో మడి మడికి దడి కట్టి జరుపుకుంట పోతం. లేకుంటే నచ్చిన చోటే మేస్తయి.
- చలికాలం చివర పుట్టిన పిల్లలు వానాకాలానికి నాలుగైదు నెలలకు వస్తయి. పెద్దవాటికంటే అవే ఎక్కువ మేస్తయి. కానీ పెద్దవి ముందు నడిస్తేనే అవి చేన్లకు దిగుతయి.

ఈ చివరి మాట దగ్గరే కుటుంబం విలువ తెలుస్తది. కొన్న పిల్లలను ఒంటరిగా చేన్ల వదిలితే బెదిరి ఒక మూలకు గుమిగూడతయి. తల్లిదండ్రులుంటే వరుసగా మేసుకుంట పోతయి.

పరిమితులు కూడా చెప్తా. వయ్యారిభామ లాంటి వెడల్పాకు కలుపును ఎక్కువగా ముట్టవు, అది మనమే పీకాలి. వరి, జొన్న, మక్క కూడా గడ్డి జాతులే, వాటిల్ల తోలితే పంటనే మేస్తయి. ఆకుకూరల మడులు అసలే వద్దు. మామిడి తోటలో మంచివే, కానీ లేత మొక్కల బెరడు గీకుతయి, చుట్టూ కంచె కట్టాలి. పక్క చేన్ల పురుగుమందు కొట్టిన రోజు బయటికి వదలొద్దు.

నీళ్లు, ఎండ, మేత

చెరువు తప్పనిసరి కాదు. తల మొత్తం మునిగేంత లోతు నీళ్లు తప్పనిసరి, లేకుంటే కండ్లు, ముక్కు రంధ్రాలు శుభ్రం చేసుకోలేవు. మేము గోలెం నీళ్లు రోజూ మార్చి, మురికి నీళ్లు అరటి చెట్లకు పారిస్తం, ఎరువు కలిసిన నీళ్లు కదా. ఓబీ గుట్టల మీదినుంచి వచ్చే నల్లనీళ్లల్ల మాత్రం దింపొద్దు. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతది. చెట్టు నీడ, తడి నేల లేకుంటే ఈ పక్షి తట్టుకోలేదు.

పిల్లలకు పచ్చి గడ్డి మొదటి రోజు నుంచే ఇవ్వాలి. కోడిపిల్లల దాణా ఒక్కటే పెడితే నియాసిన్ అనే విటమిన్ చాలక కాళ్లు వంకర పోతయి. మరీ బలమైన దాణా పెడితే రెక్క కొస బయటికి తిరుగుతది. తల్లి లేని పిల్లలను తొందరపడి నీళ్లల్ల వదలొద్దు. తల్లి ఈకల నూనె వాటికి అంటదు, తడిసి చలికి చస్తయి. రాత్రి అడవిపిల్లి, ముంగిస, నక్క రాకుండా దొడ్డి తలుపు మూయాలి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలుసు కదా. ఒకటికి మించి పక్షులు ఉన్నట్టుండి చస్తే ఒట్టి చేత్తో ముట్టకుండా వెంటనే పశువుల డాక్టర్‌కు చెప్పాలి. చెరువుల్లో వాలే అడవి బాతులను పట్టి తెచ్చి కలపాలని మాత్రం చూడొద్దు. అది వన్యప్రాణి చట్టం కింద నేరం, జబ్బుకు దారి కూడా.

తెచ్చుకోవాలనుకునేవాళ్లు

ఒక్కటి తేవొద్దు. జతకంటే ఒక మగది, రెండు పెట్టలు మేలు. ఒకే మందలో కలిసి పెరిగినవైతే ఇంకా మేలు. పిల్లలను తెస్తే కనీసం నాలుగైదు కలిపి తెండి. తెచ్చిన వారం రోజులు దొడ్లోనే ఉంచి, ఇంట్ల మనుషులందరి గొంతు వినిపించండి. మొదటి ఏడాది గుడ్ల లెక్క చూడకండి. అమ్మాల్సి వస్తే పెరిగిన పిల్లలను అమ్మండి, జతను విడదీయకండి. దసరాకు మగదాని మీద కన్ను పడితే, రాబోయే ఇరవై ఏండ్ల కాపలాను కోస్తున్నమని ఒకసారి అనుకోండి.

పొదుగు మీద ఉన్న పెట్టను దూరం నుంచి తీసిన వీడియో, పత్తిలో దడి జరిపే వీడియో వచ్చే వానాకాలంలో పెడతా. మీ దగ్గర పెద్దబాతులు ఏ పంటలో ఏ గడ్డిని మేస్తున్నయో, ఏది వదులుతున్నయో రాయండి. మన నేలల్లో మన కలుపు లెక్క మనమే తేల్చుకోవాలి.